2012 ఫార్చ్యూనర్‌కి సస్పెన్షన్ మార్చాలి: కంపెనీవి వేయించాలా, బయటి కిట్టా?

బోడుప్పల్_బండి

బండి 2012 ఫార్చ్యూనర్. 3.0 డీజిల్, మాన్యువల్, ఫోర్ బై ఫోర్. 1,68,000 కి.మీ. తిరిగింది. నాన్న కొన్న బండి, నాలుగేళ్లుగా నా చేతిలో ఉంది. రోజూ బోడుప్పల్ నుంచి ఆదిభట్ల వెళ్లి రావాలి. నారపల్లి దాటేదాకా గతుకులు, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక సాఫీ. నెలకు రెండు ఆదివారాలు అమ్మానాన్నలతో జనగామ దగ్గర మా ఊరికి వెళ్తాం.

ఆరు నెలలుగా బండి తీరు మారిపోయింది. చిన్న గుంతల్లో, అదీ 20 స్పీడులో, ముందు ఎడమ వైపు టక్ టక్ అని చప్పుడు. స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక భాగం రెండు మూడు సార్లు ఎగిరితే గానీ కుదురుకోదు. ఔటర్ మీద 100 దగ్గర లేన్ మారితే పడవలా ఊగుతోంది. బ్రేక్ కొడితే ముక్కు నేలకు వంగుతోంది.

అమ్మకు నడుములో డిస్క్ సమస్య ఉంది. మొన్న ఊరికి బయల్దేరుతుంటే "మీరు కార్లో రండి నాన్నా, నేను బస్సులో వస్తా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మూడు చోట్ల అడిగాను. ఒక గ్యారేజీలో ఆయన విదేశీ కిట్టు వేద్దాం, స్ప్రింగులు, షాకబ్జర్లు అన్నీ కొత్తవి, రెండంగుళాల ఎత్తు కూడా వస్తుంది, మొత్తం లక్షా నలభై వేలు అన్నాడు. షోరూమ్ వాళ్లు నాలుగు షాకబ్జర్లు, కొన్ని బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బర్లు) కలిపి దాదాపు 60 వేల అంచనా ఇచ్చారు. మా వీధి చివర మెకానిక్ పాతవే రీకండిషన్ చేయించి 6 వేలలో తేల్చేస్తానన్నాడు.

షాకబ్జర్లు ఇంతవరకు ఒక్కసారి కూడా మార్చలేదు. 2027లో బండికి 15 ఏళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి ఇంకో ఐదేళ్లు వాడుకుంటా, అమ్మే ఆలోచన లేదు. ఇదే బండికి పని చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాణిగంజ్_స్పేర్స్

రీకండిషన్ మాట ఇక్కడితో వదిలెయ్ తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా ఈ లైన్లో ఉన్నా. గొట్టానికి చిల్లు పెడతారు, ఆయిల్ పోస్తారు, వెల్డింగ్ కొడతారు, నల్ల రంగు పూస్తారు. లోపల వాల్వ్ పాతదే, సీలు చాలాసార్లు పాతదే, గ్యాస్ అసలు నింపరు. నెల రోజులు గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, తర్వాత మళ్లీ ఆయిల్ కారుతుంది. 6 వేలు రోడ్డు మీద పోసినట్టే.

ఘాట్‌రోడ్_గణేశ్

కిట్టు వేసెయ్ అన్నా. ఆలోచించకు. నాది 2010 ఫార్చ్యూనర్. మూడేళ్ల క్రితం ఓల్డ్ మ్యాన్ ఈము అనే విదేశీ బ్రాండు స్ప్రింగులు, షాకబ్జర్లు వేయించా. శ్రీశైలం ఘాట్‌లో మలుపు తీసుకుంటే బండి పట్టాల మీద వెళ్తున్నట్టు ఉంటుంది. ఎటూ వంగదు. మారేడుమిల్లి వెళ్లినప్పుడు ముందున్న కొత్త బండ్లు అడుగు నేలకు తగిలి ఆగిపోయిన చోట నాది తేలిగ్గా దాటింది. డబ్బు ఒక్కసారే పోతుంది, హాయి రోజూ ఉంటుంది.

నడిపేది_నేనే

గణేశ్ గారూ, మీ బండిలో వెనక సీట్లో ఎవరైనా పెద్దవాళ్లు కూర్చున్నారా? వాళ్లేమన్నారు? అడిగిన అబ్బాయి వాళ్లమ్మ కోసం అడుగుతున్నాడు కదా.

ఘాట్‌రోడ్_గణేశ్

మేమిద్దరమే వెళ్తామండీ ఎక్కువగా. వెనక సామాను ఉంటుంది, టెంటు, నీళ్ల డబ్బాలు, స్టవ్వు. అవన్నీ కలిపి వంద కిలోలు దాటతాయి.

బెజవాడ_ఆటోనగర్

ఇక్కడే ఉంది అసలు విషయం. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

షాకబ్జర్ బండిని మోయదు. మోసేది స్ప్రింగు. స్ప్రింగు నొక్కుకుని వదిలాక ఊగుతూనే ఉంటుంది, ఆ ఊగుడును ఆపడమే షాకబ్జర్ పని. స్పీడ్ బ్రేకర్ తర్వాత వెనక రెండు మూడు సార్లు ఎగురుతోందంటే వెనక షాకబ్జర్లు అయిపోయాయి. 1,68,000 కి.మీ. మన రోడ్ల మీద నడిచాయంటే వాటి రుణం తీరిపోయింది. అందులో అనుమానం లేదు.

కానీ ముందు వచ్చే టక్ టక్ వేరే సంగతి. తక్కువ స్పీడులో చిన్న గుంతల్లో వచ్చే చప్పుడు ఎక్కువగా స్టెబిలైజర్ లింకు (మలుపులో బండి వంగకుండా ఆపే రాడ్డుకు ఉండేది), లేదా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చేయి) బుష్, లేదా బాల్ జాయింట్ (ఆ చేయి చివర కీలు). షాకబ్జర్ పైన ఉండే మౌంటు రబ్బరు కూడా కావచ్చు. లక్షా నలభై వేల కిట్టు వేసినా, లింకు లూజుగా ఉంటే టక్ టక్ అలాగే ఉంటుంది. నా దగ్గరకు అలా వచ్చిన బండ్లు లెక్కలేనన్ని. కొత్త కిట్టు మెరుస్తూ ఉంటుంది, పక్కనే బుష్ చీలిపోయి వేలాడుతుంటుంది.

కిట్టు స్ప్రింగుల సంగతి. ఆ కంపెనీలు ఒకే బండికి మూడు నాలుగు రకాల స్ప్రింగులు చేస్తాయి. ముందు ఇనుప బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం) ఉన్న బండికి ఒకటి, వెనక ఎప్పుడూ రెండు మూడు వందల కిలోలు మోసే బండికి ఒకటి. అంత బరువు లేని బండికి ఆ గట్టి స్ప్రింగు వేస్తే అది నొక్కుకోదు, కుదుపు మొత్తం సీటుకు వస్తుంది. గణేశ్ గారి బండికి అది సరిపోయిందంటే సామాను ఉంది కాబట్టి. అమ్మగారు ఒక్కరే వెనక కూర్చునే బండికి అదే స్ప్రింగు వేస్తే ఆవిడ నిజంగానే బస్సెక్కుతారు.

బోడుప్పల్ తమ్ముడూ, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఇవి చెయ్. చదునైన నేల మీద బండి పెట్టి, చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచు దాకా టేపుతో కొలువు, నాలుగు చక్రాలకూ. ఎడమకీ కుడికీ తేడా ఎంతుందో రాసుకో. తర్వాత ర్యాంప్ మీదకెత్తించి, రాడ్డు పెట్టి ప్రతి బుష్‌నీ కదిలించి చూపించమను. నువ్వు దగ్గరుండి కళ్లతో చూడు. టైర్లలో గాలి ఎంతుందో కూడా చూడు, అది పొద్దున్నే, బండి కదలకముందు.

గోదారి_గట్టు

ఈ పోస్టు అచ్చు వేయించి ప్రతి గ్యారేజీలో గోడకు అంటించాలి.

మా పెదనాన్న స్కార్పియోలో భీమవరం నుంచి నర్సాపురం పెరుగు గిన్నె తీసుకెళ్తే మజ్జిగ దిగేది. నాలుగు షాకబ్జర్లూ మార్చాక ఇప్పుడు పెరుగు పెరుగులాగే దిగుతోంది.

కొత్తగూడెం_రోడ్డు

@గోదారి_గట్టు వెన్న కూడా తీసేవారా?

గోదారి_గట్టు

ఇసుక లారీలు తిరిగే గట్టు మీద వెళ్తే వెన్నేం ఖర్మ, నెయ్యి కూడా వస్తుంది.

డీకార్_2009

నాది సఫారీ డైకార్, 2009. ముందు వైపు కాయిల్ స్ప్రింగు కాదు, టార్షన్ బార్, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ. ఎత్తు విషయంలో నాకు జరిగింది చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు భాగం కొంచెం కిందికి దిగినట్టు ఉందని ఒక మెకానిక్‌కి చూపించా. ఆయన బోల్టు బిగించి అంగుళంన్నర ఎత్తు లేపాడు. చూడ్డానికి బండి రాజాలా నిలబడింది. నడిపితే నరకం. ఎత్తు లేపితే చక్రం గుంతలోకి దిగడానికి మిగిలే చోటు తగ్గిపోతుంది. చిన్న గుంత వచ్చినా చక్రం ఆఖరి దాకా జారి దభీమని తగిలేది. రెండు వారాలు పట్టుదలకు పోయి నడిపా, మెడ పట్టేసింది. ఇంకొకరి దగ్గర కంపెనీ కొలతకు దింపించి, ముందు రెండు షాకబ్జర్లు గాబ్రియల్‌వి వేయించా. అప్పటి నుంచి హాయిగా ఉంది.

ఎత్తు వేరు, మెత్తదనం వేరు. ఎత్తు పెంచితే సుఖం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా.

ఘాట్‌రోడ్_గణేశ్

టార్షన్ బార్ బోల్టు బిగించడం, సరైన కిట్టు వేయడం ఒకటి కాదు కదా. కిట్టులో షాకబ్జర్ కూడా ఆ ఎత్తుకు తగ్గ పొడవుతో వస్తుంది. నా బండికి ఆ దభీమనే చప్పుడు లేదు.

బెజవాడ_ఆటోనగర్

గణేశ్ గారు చెప్పింది నిజమే, మంచి కిట్టు అయితే షాకబ్జర్ పొడవు సరిపడా ఉంటుంది. కానీ రెండంగుళాలు లేపాక ముందు యాక్సిల్ సీవీ జాయింట్లు (చక్రాలను తిప్పే షాఫ్టు కీళ్లు) ఎక్కువ వంపులో తిరుగుతాయి, అప్పర్ ఆర్మ్ బాల్ జాయింటు తన హద్దుకు దగ్గర పడుతుంది, ఎలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే కోణం) తగ్గిపోతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి, వాటినీ కిందికి దించుకోవాలి. అడవిలో తిరిగేవాడికి ఇవన్నీ భరించే లాభం ఉంది. ఆదిభట్ల ఆఫీసుకు వెళ్లేవాడికి ఏం లాభం?

పేపర్లు_పక్కాగా

ఇంకో కోణం. 2027లో రెన్యువల్ అన్నారు. అప్పుడు బండిని ఫిట్‌నెస్‌కి చూపించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అరిగిన షాకబ్జర్ తీసి అదే కొలత కొత్తది వేస్తే ఎవరూ అడగరు. ఎత్తు లేపితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు నిలబడాల్సి వస్తుంది. పదమూడేళ్ల బండికి ఆ టెన్షన్ ఎందుకు?

బోడుప్పల్_బండి

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఎత్తు ఆలోచన పూర్తిగా మానేశా. శనివారం కొలిచి చెప్తా. ఈలోపు ఒక సందేహం. స్ప్రింగులు ఉంచేసి షాకబ్జర్లు మాత్రం బిల్‌స్టీన్ బీ6 వేస్తే ఎలా ఉంటుంది? వాటికి ఎత్తు మారదట కదా. ఔటర్ మీద ఆ ఊగుడు నాకు భయంగా ఉంది, స్పీడు లిమిట్ 120 పెట్టాక అందరూ దూసుకుపోతున్నారు.

కొత్తగూడెం_రోడ్డు

నేను వేశా. ఫార్చ్యూనర్‌కే. చెప్తా విను.

బీ6 అంటే మోనో ట్యూబ్. ఒకటే గొట్టం, లోపల ఆయిల్, ఒక చివర ఎక్కువ ప్రెషర్‌తో గ్యాస్. వేడి త్వరగా బయటకు పోతుంది కాబట్టి గంటల తరబడి గతుకుల్లో నడిపినా పట్టు సడలదు. ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు హైవే మీద అద్భుతం. లేన్ మారితే ఒక్క కదలికతో కుదురుకుంటుంది. ఆ ఊగుడు పూర్తిగా పోయింది.

ఇక రెండో వైపు. మా దారిలో బొగ్గు లారీలు తిరుగుతాయి. రోడ్డు మీద చిన్న చిన్న అతుకులు, కంకర. ఆ స్పీడులో, అంటే 20, 30లో, ప్రతి అతుకూ సీటులో తెలుస్తుంది. నాకు ఇష్టమే, నేను ముప్పైల్లో ఉన్నా. మా అత్తగారు మాత్రం ఒకసారి కూర్చుని "పాత బండే నయం అల్లుడూ" అన్నారు.

ఇంకోటి, రాయి ఎగిరి వెనక షాకబ్జర్ గొట్టానికి సొట్ట పడింది. మోనో ట్యూబ్‌లో పిస్టన్ నేరుగా ఆ గొట్టంలోనే తిరుగుతుంది, సొట్ట పడితే అక్కడ పట్టేస్తుంది. ఒకటి మార్చాల్సి వచ్చింది. ట్విన్ ట్యూబ్ అయితే బయటి గొట్టానికి సొట్ట పడినా లోపలిది పని చేస్తూనే ఉంటుంది.

డాలస్_శీను

ఇక్కడ నా 2006 టయోటా ఫోర్ రన్నర్‌కి ఇదే తలనొప్పి వచ్చింది. ముందు డబుల్ విష్‌బోన్ (చక్రానికి పైనొకటి, కిందొకటి ఆర్మ్), వెనక గట్టి యాక్సిల్‌కి కాయిల్ స్ప్రింగులు, అంటే ఫార్చ్యూనర్ తరహానే. నాది స్పోర్ట్ ఎడిషన్ కాబట్టి ఎక్స్-రియాస్ ఉండేది, ఎడమ ముందు షాకబ్జర్‌ని కుడి వెనక దానితో గొట్టంతో కలిపి ఉంటుంది, అలాగే రెండో జత. ఒకటి కారినా మొత్తం వ్యవస్థ పడుకుంటుంది. కంపెనీది కొత్తది వేయాలంటే ధర చూసి కళ్లు తిరిగాయి. అదంతా తీసేసి మామూలు బిల్‌స్టీన్ 5100 నాలుగు వేశా, ముందు ఎత్తు మార్చకుండా కింది గాడిలోనే పెట్టించా. గట్టిగానే ఉంటుంది. ఇక్కడ రోడ్లు బాగుంటాయి కాబట్టి నడుస్తోంది. మా నాన్న నెల్లూరు నుంచి వచ్చినప్పుడు వేరే కారు తీస్తా.

నడిపేది_నేనే

శీను గారి చివరి వాక్యం చూడు బోడుప్పల్. నీకు వేరే కారు లేదు కదా.

రాణిగంజ్_స్పేర్స్

అమ్మ కోసమైతే కంపెనీ డబ్బాలో వచ్చేవి గానీ, అదే తరహా కేవైబీ ట్విన్ ట్యూబ్ గ్యాస్‌వి గానీ తీసుకో. కేవైబీ అంటే పాత కయాబా, కొత్త బండ్లకు నేరుగా సరఫరా చేసే కంపెనీయే. ఒకటే జాగ్రత్త. చాసిస్ నంబర్ చెప్పి పార్టు నంబర్ తీయించు. ఇన్నోవా, హైలక్స్, ఫార్చ్యూనర్ అన్నీ ఒకే కుటుంబం కాబట్టి కొందరు ఇన్నోవాది ఇచ్చి "సేమ్ అన్నా, కూర్చుంటుంది" అంటారు. కూర్చుంటుంది, కానీ బరువు వేరు, లోపల వాల్వ్ సెట్టింగు వేరు. డబ్బా మీద ముద్ర, లేబుల్ మీద అక్షరాలు చూడు, జీఎస్‌టీ బిల్లు లేకుండా కొనకు. బిల్లు ఇవ్వనన్న వాడి దగ్గర సరుకు కూడా అనుమానమే.

ఎప్పుడూ జతగా మార్చు. ఎడమది కారింది కాబట్టి ఎడమదే మారుస్తా అంటే ఆ బండి మలుపులో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

బోడుప్పల్_బండి

శనివారం కొలిచా. ముందు ఎడమ, కుడి మధ్య 4 మి.మీ. తేడా. వెనక 3 మి.మీ. ర్యాంప్ మీద చూశాం. ఎడమ స్టెబిలైజర్ లింకు చేత్తోనే ఊగుతోంది. ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్ సగం చీలింది, రాడ్డు పెడితే నోరు తెరిచింది. వెనక కుడి షాకబ్జర్ ఒళ్లంతా ఆయిల్, దాని మీద దుమ్ము పేరుకుని బురదలా ఉంది. వెనక యాక్సిల్‌ని అటూ ఇటూ జరగకుండా పట్టుకునే అడ్డ రాడ్డు బుష్ కూడా లూజే.

ఇక గాలి. నాకు ఆశ్చర్యం వేసింది. నాలుగింట్లోనూ 38 పీఎస్‌ఐ! డోర్ దగ్గర స్టిక్కర్ మీద 29 ఉంది. ఎప్పుడు పట్టించినా బంకు కుర్రాడు "పెద్ద బండి కదా సార్" అని దంచేస్తున్నాడు.

బెజవాడ_ఆటోనగర్

4 మి.మీ. అంటే లెక్కలోకి రాదు. స్ప్రింగులు బాగున్నాయి, వాటిని ముట్టుకోకు. గాలి ఈరోజే 29కి దించు, రేపు ఆఫీసుకెళ్లి వచ్చి చెప్పు.

మైలేజీ_మాధవ్

29 మరీ తక్కువండీ. పెద్ద బండికి 35 అయినా ఉండాలి. నేను 36 పెడతా, మైలేజీ బాగా వస్తుంది. నైట్రోజన్ పట్టిస్తే ఇంకా మంచిది.

డీకార్_2009

మాధవ్ గారూ, స్టిక్కర్ మీద రాసినవాళ్లు ఆ బండి తయారు చేసినవాళ్లు. టైరు సైజు అదే ఉన్నంతకాలం ఆ అంకెనే నమ్మాలి. మొదటి స్ప్రింగు టైరే. దాన్ని రాయిలా చేసి, తర్వాత లక్షలు పోసి షాకబ్జర్లతో మెత్తదనం కొనుక్కుంటామా?

మైలేజీ_మాధవ్

నా బండి నాకు బాగానే ఉంది. ఏడుగురు ఎక్కి తిరుపతి వెళ్తాం, అప్పుడు 29 అంటే టైరు వాలిపోతుంది.

బెజవాడ_ఆటోనగర్

నిండు బరువు వేసినప్పుడు ఎంత పట్టాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఆ రోజు అంత పట్టండి, తప్పు లేదు. తిరిగొచ్చాక దించాలి. ఒక్కరే ఆఫీసుకెళ్లే రోజున ఏడుగురి గాలి ఎందుకు? నైట్రోజన్ గురించి, మన గాలిలో 78 శాతం అదే ఉంది. పెట్టుకుంటే నష్టం లేదు, కుదుపులో మాత్రం తేడా రాదు.

బోడుప్పల్_బండి

29కి దించి రెండు రోజులు నడిపా. చిన్న అతుకుల దగ్గర సీటుకు వచ్చే కుదుపు సగానికి సగం తగ్గింది! టక్ టక్, వెనక ఎగురుడు అలాగే ఉన్నాయి. ఇన్నాళ్లూ అమ్మ నడుముకు తగిలిన దాంట్లో సగం ఆ గాలే అని తెలిసి బాధేసింది.

బుష్‌ల సంగతి అడగాలి. ఒకాయన పాలీ బుష్‌లు వేయించుకో, జీవితకాలం వస్తాయి అంటున్నాడు. నిజమేనా?

నడిపేది_నేనే

నా డస్టర్‌కి (2013, 1,40,000 కి.మీ.) వేయించుకుని ఏడాదిలో తీయించేశా. రబ్బరు బుష్ కుదుపును కొంచెం మింగుతుంది. పాలీయురెథేన్ గట్టిది, చక్రం దగ్గర చప్పుడును తిన్నగా బాడీలోకి పంపుతుంది. గ్రీజు ఎండితే కిర్రు కిర్రు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగితే మూడో అంతస్తులో మా ఆయనకు తెలిసిపోయేది నేను వచ్చానని. నీకు రబ్బరే మంచిది.

ఇంకో మాట. ముందు షాకబ్జర్లు దించినప్పుడే పై మౌంటులు, బంప్ స్టాపులు (ఆఖరి దెబ్బను ఆపే రబ్బర్లు), దుమ్ము తొడుగులు కూడా కొత్తవి వేయించు. నేను మొదటిసారి ఆ రబ్బర్లు పాతవే ఉంచా. ఆరు నెలలకు మళ్లీ విప్పాల్సి వచ్చి అదే లేబర్ రెండోసారి కట్టా.

బెజవాడ_ఆటోనగర్

మేడమ్ చెప్పినదానికి నాదో ముఖ్యమైన మాట కలుపుతా. మన గ్యారేజీల్లో పదిమందిలో తొమ్మిదిమంది దీన్ని పట్టించుకోరు. బుష్ బోల్టులు చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు ఫైనల్‌గా బిగించకూడదు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. ఎందుకంటే రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగిస్తే, బండి దింపగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. ఆగి ఉన్నా మెలికలోనే ఉంటుంది. ఐదేళ్లు రావాల్సిన బుష్ ఏడాదికే చీలుతుంది, బండి కూడా గట్టిగా అనిపిస్తుంది. దగ్గరుండి "దించాక బిగించు అన్నా" అని చెప్పు. మొహమాట పడకు.

స్ప్రింగు విప్పేటప్పుడు సరైన కంప్రెసర్ ఉన్న చోటే చేయించు. తాడు కట్టి, కడ్డీ పెట్టి విప్పే చోట నిలబడొద్దు కూడా. ఆ స్ప్రింగు జారితే మనిషి ప్రాణం పోతుంది.

స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్ రింగులు పెడతామంటే వద్దను. అవి స్ప్రింగును కొంత పనిచేయకుండా ఆపుతాయి. గట్టిదనమే వస్తుంది తప్ప సుఖం రాదు.

గోదారి_గట్టు

ఇవన్నీ సరే, అసలు ఆ స్పీడ్ బ్రేకర్ల మాట ఎవరూ ఎత్తరేంటి? మా ఊరి మలుపులో ఒకటుంది, గోడ కట్టినట్టు.

పేపర్లు_పక్కాగా

దానికీ కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నిబంధనల్లో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలని పెట్టారు, 25 కి.మీ. వేగంతో సాఫీగా దాటేలా. ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, తెల్ల చారలు ఉండాలి. మన ఊళ్లలో అడుగున్నర వెడల్పు తారు గుట్టను పోసి అదే అంటారు. కొలిచి ఫొటోతో పంచాయతీకి అర్జీ పెట్టండి. మా కాలనీలో అలా రెండు తీయించాం.

గోదారి_గట్టు

రేపే టేపు పట్టుకుని వెళ్తా.

బోడుప్పల్_బండి

పని అయిపోయింది. అన్నీ రాస్తా, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

వేయించినవి: నాలుగు షాకబ్జర్లు, కంపెనీ పార్టు నంబర్లవే, పార్ట్స్ కౌంటర్‌లో బిల్లుతో. ముందు పై మౌంటులు, బంప్ స్టాపులు, దుమ్ము తొడుగులు. స్టెబిలైజర్ లింకులు ముందు రెండూ. లోయర్ ఆర్మ్ బుష్‌లు రెండు వైపులా, రబ్బరువే. వెనక అడ్డ రాడ్డు బుష్‌లు. స్ప్రింగులు పాతవే. ఎలైన్‌మెంట్‌తో కలిపి అంతా 64 వేలు. పని ఒకటిన్నర రోజు.

ఒక చోట చిక్కు వచ్చింది. లోయర్ ఆర్మ్‌కి ఎలైన్‌మెంట్ సర్దే క్యామ్ బోల్టులు ఉంటాయి కదా, ఎడమ వైపుది తుప్పుపట్టి లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయింది. రాత్రంతా ఆయిల్ కొట్టి ఉంచినా రాలేదు, కోయాల్సి వచ్చింది. కొత్త బోల్టు కోసం సగం రోజు ఆగింది. ఇదే వయసు బండి ఉన్నవాళ్లు ఆ బోల్టులు ముందే తెప్పించి పెట్టుకోండి.

బుష్‌లు బండి దించాకే బిగించమని చెప్పా. మెకానిక్ మొదట విసుక్కున్నాడు. ఎందుకో వివరించాక "పదిహేనేళ్లలో నాకెవరూ చెప్పలేదు సార్" అని నా ముందే బండి కిందకు దూరి బిగించాడు. పాత షాకబ్జర్ చేతికిచ్చి నొక్కమన్నాడు. వెనక కుడిది సైకిల్ పంపులా లోపలికి వెళ్లింది, పైకి రానే లేదు.

ఇప్పుడు టక్ టక్ పోయింది. స్పీడ్ బ్రేకర్ దిగాక ఒక్కసారి వంగి లేచి అక్కడే ఆగుతోంది. ఔటర్ మీద 100లో స్టీరింగ్ ఒక చేత్తో కూడా నిలకడగా ఉంది, ఒక చేత్తో నడపను అనుకోండి. కొత్తగూడెం అన్న చెప్పిన బిల్‌స్టీన్ అంత గట్టిగా ఉండదేమో, పెద్ద మలుపులో కొంచెం వంగుతుంది. నాకు అది ఫర్వాలేదు.

నిన్న ఆదివారం ఊరికి వెళ్లాం. అమ్మ రెండో వరసలో కూర్చుంది. ఘట్‌కేసర్ దాటాక మాటలు వినిపించట్లేదేంటా అని అద్దంలో చూశా. నిద్రపోతోంది. జనగామ వచ్చేదాకా లేవలేదు.

నడిపేది_నేనే

ఇది చదివి చాలా సంతోషమేసింది. అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

ఘాట్‌రోడ్_గణేశ్

బాగా చేశావ్ అన్నా. నా కిట్టు మీద నాకు ప్రేమ తగ్గలేదు గానీ, నీ అవసరానికి ఇదే సరైంది, ఒప్పుకుంటున్నా. ఒక సందేహం, బెజవాడ గారూ. సామాను దించేసి, మా అమ్మను ఎక్కించుకుని తిరగాలంటే నా వెనక స్ప్రింగులు మాత్రం కంపెనీవి వేసుకోవచ్చా? ఆ మేడమ్ అడిగాక ఈ వారం అమ్మను కూర్చోబెట్టి చూశా. పాపం ఏమీ అనలేదు, దిగాక నడుం పట్టుకుంది.

బెజవాడ_ఆటోనగర్

వేసుకోవచ్చు, కానీ మీ షాకబ్జర్ ఆ ఎత్తుకు చేసినది, పొడవు ఎక్కువ. స్ప్రింగు పొట్టిదై షాకబ్జర్ పొడుగైతే పెద్ద గుంతలో షాకబ్జర్ ఆఖరి దాకా నొక్కుకుపోయి కొట్టుకోవచ్చు, చక్రం పూర్తిగా జారినప్పుడు స్ప్రింగు తన చోట్లోంచి కదలొచ్చు. అదే కంపెనీలో తక్కువ బరువుకు చేసిన స్ప్రింగు దొరుకుతుందేమో ముందు చూడండి. మీ స్ప్రింగు మీద పార్టు నంబర్ ఉంటుంది, ఫొటో పెట్టండి, చూసి చెప్తా.

ఘాట్‌రోడ్_గణేశ్

రేపు పొద్దున్నే పెడతా.

రాణిగంజ్_స్పేర్స్

బోడుప్పల్, టైర్ల మీద తయారీ తేదీ చూశావా? గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది.

బోడుప్పల్_బండి

చూశా. 3417. అంటే 2017 ఆగస్టువి. గీతలు ఇంకా ఉన్నాయి గానీ పక్కగోడ మీద సన్న పగుళ్లు కనిపిస్తున్నాయి.

రాణిగంజ్_స్పేర్స్

గీతలు ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. ఔటర్ మీద 100లో వెళ్లే బండికి అవి వద్దు. 265/65 ఆర్17, హైవే రకం తీసుకో. బురద రకం తీసుకుంటే ఇంత చేసిన మెత్తదనం సగం పోతుంది.

బోడుప్పల్_బండి

వచ్చే నెల జీతం రాగానే అదే పని. ఏ కంపెనీవో అడగడానికి కొత్త చర్చ పెడతా, మీరంతా అక్కడికి రండి.